ఎవరి కానుక ముందు

బహ్రెయిన్‌లో పన్నుల ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే మనవాళ్ళు నవ్వుతారు. జీతం మీద పన్ను లేని దేశంలో పన్నుల పనేమిటి, ఎండాకాలంలో రగ్గులు అమ్మినట్టు అని మా బావమరిది ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇక్కడ చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను లేదు. మన దేశంలో ఒకప్పుడు ఉండేది, ఎనభైల్లో తీసేశారు. అందుకే వారసత్వ పన్ను అనే మాట మన చెవికి కొత్తగా ఉంటుంది.

కానీ ఇక్కడ ఏళ్ళ తరబడి కాపురమున్న ఇంగ్లీషువాళ్ళున్నారు. ఇంగ్లండులో ఫ్లాటో, బ్యాంకులో డబ్బో ఉన్న మన డాక్టర్లు, వ్యాపారస్తులు ఉన్నారు. అక్కడ ఆస్తి ఉంటే, మనిషి ఏ దేశంలో కన్నుమూసినా ఆ దేశపు పన్ను శాఖ తన వాటా అడుగుతుంది. ఆ వాటా ఎంత, ఎవరు కట్టాలి, చట్టం ఒప్పుకునే దారిలో దాన్ని ఎలా తగ్గించుకోవచ్చు అని చెప్పడమే రాజధాని మనామాలో మా ఆఫీసు పని. అక్కడ ఆ లెక్కలు చూసేది నేను.

నిరుడు మానేశాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు తెలుగు పిల్లలు, "మూర్తిగారూ, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. రాయమన్నందుకు పొంగిపోయి మొదట నా గొప్పలే రాశాను. నాలుగు పేజీలు నిండాక చదువుకుంటే నాకే విసుగొచ్చి చింపేశాను. ఈసారి నాకు సిగ్గుగా ఉన్న సంగతి రాస్తున్నాను. మీకు పనికొచ్చేది అదే.

పన్ను సంగతి, మొదటి బంతి సంగతి

చట్టం పుస్తకాలు మీరు చదువుకుంటారు. నేను చెప్పేది వంటింట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పగలిగేంత తేలిక మాట. మా ఆవిడకి అలాగే చెప్పాను, నాకంటే త్వరగా అర్థం చేసుకుంది.

ఇంగ్లండు లెక్కలో ఒక మనిషికి మూడు లక్షల పాతిక వేల పౌండ్ల దాకా మినహాయింపు ఉంటుంది. ఆ పైన ఉన్నదాంట్లో నలభై శాతం పన్ను. పన్ను ఎందుకు, బతికుండగానే పంచి ఇచ్చేస్తాను అని ఎవరైనా అంటే, దానికీ ఒక గడువు పెట్టారు. ఇచ్చిన తరవాత ఏడేళ్ళు బతికితే ఆ కానుక లెక్కలోంచి పోతుంది. ఈలోగా చనిపోతే, ఆ కానుకలన్నీ మళ్ళీ లెక్కలోకి వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడే అసలు మెలిక. ఏడేళ్ళలో ఇచ్చిన కానుకలు రెండు మూడు ఉన్నాయనుకోండి. మినహాయింపును వాటన్నిటికీ సమానంగా పంచరు. తారీఖుల వరసలో ముందు ఇచ్చిన కానుకకి ముందు వడ్డిస్తారు. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతికి బూరెలన్నీ అయిపోతే రెండో బంతివాళ్ళ విస్తట్లో ఏమీ పడదు, అలాగన్నమాట. ముందు ఇచ్చింది పెద్ద కానుకైతే మినహాయింపంతా అదే తినేస్తుంది. తరవాత ఇచ్చింది ఎంత చిన్నదైనా దాని మీద మొదటి పౌండు నుంచీ పన్నే. దాన్ని కట్టాల్సింది కూడా ముందుగా ఆ కానుక పుచ్చుకున్న మనిషే. ఇది వినగానే అందరూ, "పుచ్చుకున్నవాళ్ళా?" అని నోరు తెరుస్తారు.

ఈ వరస సంగతి నేను కొత్తవాళ్ళకి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేవాణ్ణి. నాకు తెలియక జరిగింది కాదు ఇది.

నబీల్ సార్

మా ఆఫీసు యజమాని నబీల్ సార్. లెబనాన్ మనిషి, మాటకారి. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన ముందు నేను, "మీరు చనిపోయాక" అని మొదలుపెట్టాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. నబీల్ సార్ నన్ను గదిలోకి పిలిచి, "యా మూర్తి, మనం చావు గురించి మాట్లాడి బతుకుతాం. కానీ ఆ మాట ఎప్పుడూ మన నోట్లోంచి రాకూడదు. వాళ్ళ నోట్లోంచి రావాలి" అన్నాడు. ఆ తరవాత నేను "ముందు ముందు" అనడం నేర్చుకున్నాను. "ముందు ముందు ఈ ఇల్లు ఎవరికి వెళ్ళాలనుకుంటున్నారు?" అంటే ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. మంచి పాఠం అది, ఇప్పటికీ చెబుతాను.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. పెద్ద క్లయింటు తలుపు తీసుకుని లోపలికొస్తే చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టాలి. ఆఫీసు నడిచేది వాళ్ళ ఫీజుల మీద. అది ఆయన వ్యాపారం, ఆయన్ని తప్పు పట్టను. నేను దానికి నా సొంత తెలివి ఒకటి కలిపాను. పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడల్లా మన తెలుగువాళ్ళ పనే పక్కన పెట్టేవాణ్ణి. మనవాళ్ళే కదా, ఏమీ అనుకోరు, కూర్చుంటారు. ఇంగ్లీషాయన్ని పది నిమిషాలు కూర్చోబెట్టడానికి నాకు చెమటలు పట్టేవి. పాలకొల్లు మనిషిని పూటంతా కూర్చోబెట్టడానికి ఏమీ అనిపించేది కాదు. గల్ఫులో ఇలాంటి గుమాస్తాలు మనలో చాలామంది ఉన్నారు. మీరు కాకండి.

డాక్టరుగారి బీరువా

సిగ్గుపడే కథకి ముందు ఒక నవ్వుకునే కథ చెబుతాను, మీకు చట్టం కూడా తెలుస్తుంది.

మన తెలుగు డాక్టరుగారొకాయన లండన్‌లో ఉన్న ఫ్లాటు కూతురికి రాసిచ్చారు. ఏడేళ్ళ లెక్క మొదలైందని ధీమాగా ఉన్నారు. మాటల్లో తెలిసింది, ఏటా ఎండాకాలం దంపతులిద్దరూ వెళ్ళి ఆ ఫ్లాటులోనే నెలా రెండు నెలలు ఉంటారని, ఒక గది వాళ్ళదేనని, అందులో బీరువా తాళంచెవి డాక్టరుగారి భార్య దగ్గరే ఉందని. నేను చెప్పాను, "సార్, ఇచ్చేసి అందులోనే ఉంటే ఇచ్చినట్టు కాదు. ఏడేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళయినా అది మీ ఆస్తి కిందే లెక్క. ఉండాలంటే మీ అమ్మాయికి బజారు రేటున అద్దె కట్టండి."

"కూతురింట్లో అద్దె కట్టి పడుకోవాలా?" అన్నారు పక్కనే ఉన్న ఆయన భార్య. నా వైపు చూసిన చూపులో నేనే ఆ చట్టం రాసినట్టుంది.

మన దగ్గర ఇవ్వడం వేరు. ఇల్లు ఇచ్చేసినవాడికి కూడా ఆ ఇంట్లో పడకకుర్చీ ఉంటుంది. చట్టానికి అదేమీ తెలియదు. వాళ్ళు చివరికి బీరువా ఖాళీ చేయలేదు, అద్దె కట్టలేదు, పన్ను పడితే పడుతుందన్నారు. తెలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి నాకు బాధ లేదు. చెప్పాల్సింది చెప్పాక ఎదుటివాళ్ళు ఏం చేసినా అది వాళ్ళ ఇష్టం. చెప్పాల్సిన మాట చెప్పకపోతేనే మన నెత్తిన పడుతుంది.

అరాద్ ఇల్లు

హెలెన్ మేడమ్ భర్త ఇక్కడ ఇంజనీరుగా చేసి, ఇక్కడే పోయారు. పిల్లలు లేరు. ఆవిడ అరాద్‌లో విమానాశ్రయానికి దగ్గరగా ఒక పాత ఇంట్లో ఉండేవారు. విమానం దిగేటప్పుడు మాట ఆపి, వెళ్ళాక మళ్ళీ అక్కడి నుంచే అందుకునేవారు. ఇంగ్లండులో ఒక ఇల్లు, అక్కడి బ్యాంకులో కొంత డబ్బు ఉన్నాయి. మేనల్లుడు పీటర్ ఒక్కడే దగ్గరివాడు, అతను ఇంగ్లండులో ఉంటాడు.

ఇంట్లో పని చూసే మనిషి సత్యవతి. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మొగుడు వేరే మనిషితో వెళ్ళిపోతే గల్ఫుకి వచ్చింది. మొదట ఒక అరబ్బుల ఇంట్లో చేసి, తరవాత మేడమ్ దగ్గర కుదిరింది. వంట, బట్టలు, మందులు, స్నానం, చివరికి మేడమ్‌కి చూపు తగ్గాక పేపర్లో బొమ్మలు ఏమున్నాయో చెప్పడం కూడా ఆమె పనే. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె చెబుతుంటే మేడమ్ నవ్వుతూ సరిదిద్దేవారు. వయసులో సత్యవతి నాకంటే పెద్దది. నేను మాత్రం మొదటి రోజు నుంచీ "నువ్వు" అనే పిలిచాను, ఆమె "బాబుగారండి" అనే పిలిచింది. ఇద్దరికీ అందులో వింతేమీ కనబడలేదు.

ఒకరోజు మేడమ్ నన్ను పిలిపించారు. "రెండు పనులు చెయ్యాలి మూర్తీ. ఇంగ్లండు ఇల్లు పీటర్‌కి ఇచ్చేస్తాను. బ్యాంకులో డబ్బు కొంత సత్యకి. వాళ్ళ ఊళ్ళో ఒక చిన్న ఇల్లు కొనుక్కోవాలట. నేను చూస్తుండగానే కొనుక్కోవాలి" అన్నారు.

ఇంగ్లండు ఇంటి విలువ ఇంచుమించు ఆ మినహాయింపు హద్దంత ఉంది. సత్యవతికి ఇస్తానన్నది దాని ముందు చాలా చిన్న మొత్తం. ఇప్పటిదాకా చదివినవాళ్ళకి ఏం చెయ్యాలో తెలిసిపోయి ఉంటుంది. ముందు సత్యవతిది చెయ్యాలి. ఒక్కరోజు ముందైనా చాలు. అప్పుడామెకి ఏ పన్నూ పడదు. పీటర్‌కి పడినా, మిగిలే కొంచెం మీద పడుతుంది, ఇల్లు చేతికొస్తున్నవాడు కట్టుకోగలడు. మేడమ్‌కి ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే, "అయితే ముందు సత్యదే" అని ఉండేవారు. నేను చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్న

సత్యవతికి ఇక్కడ బ్యాంకు ఖాతా లేదు. జీతం చేతికి తీసుకుని మనీ ఎక్స్ఛేంజి దుకాణంలో కట్టి ఇంటికి పంపుకునేది. మేడమ్ డబ్బు నేరుగా ఇండియా ఖాతాలో పడితే, బంధువు కానివాళ్ళిచ్చిన కానుక కాబట్టి అక్కడ పన్ను గొడవ రావచ్చు. అందుకని ముందు బహ్రెయిన్‌లోనే ఖాతా తెరిపించి, డబ్బు ఇక్కడే పుచ్చుకునేట్టు చేద్దామన్నాను. ఆ తెలివికి మురిసిపోయాను కూడా.

ఆ కాగితాల కోసం ఆమెని ఆఫీసుకి రమ్మన్నాను. ఆఫీసు తలుపు తీసేసరికే వచ్చి కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో సీపీఆర్ అనే ఇక్కడి గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు ఉన్న ప్లాస్టిక్ సంచి. ఆమె ముందు కూర్చుని రెండు సంతకాలు పెట్టించి, బ్యాంకుకి ఫోన్ చేస్తే అయిపోయే పని.

అప్పుడే పీటర్ వచ్చాడు. అత్తని చూడ్డానికి సెలవు మీద వచ్చాడట, రెండు రోజుల్లో వెళ్ళిపోవాలట, ముందుగా చెప్పి రాలేదు, ఏమీ అనుకోవద్దన్నాడు. నేను లేచి నిలబడి చెయ్యి కలిపాను. "సత్యవతీ, కాసేపు బయట కూర్చో" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని సంచి పట్టుకుని వెళ్ళి గోడవార కుర్చీలో కూర్చుంది.

పీటర్ కాగితాలు చూసేసరికి మధ్యాహ్నమైంది. అతను వెళ్ళిపోయేలోగా సంతకాలైపోవాలి కాబట్టి, ఆ సాయంత్రమే అరాద్ వెళ్ళి మేడమ్ చేత ఇంటి బదిలీ పత్రం మీద సంతకం చేయిద్దామనుకున్నాం. బయటికొచ్చి చూస్తే సత్యవతి అక్కడే ఉంది.

"నీది వచ్చేవారం చూద్దాం, ఇవాళ తీరిక లేదు" అన్నాను.

"సరేనండి. మేడంగారికి మందులేళయిపోయింది, ఎల్తానండి" అంది.

సాయంత్రం అరాద్ ఇంట్లో మేడమ్ సంతకం చేశారు. ఇద్దరు సాక్షులు చేశారు. సత్యవతి అందరికీ టీ తెచ్చింది. ఆ టీ తాగుతూ నేను పీటర్‌కి ఏడేళ్ళ సంగతి వివరించాను. అతను, "అత్త ఇంకో పదిహేనేళ్ళు ఉంటుంది" అని నవ్వాడు. మేడమ్ కూడా నవ్వారు.

వచ్చేవారం ఎవరో వచ్చారు. ఆ పైవారం రంజాన్ మొదలై ఆఫీసు వేళలు మారాయి. సత్యవతి పని అయ్యేసరికి రెండు నెలలు గడిచిపోయింది. ఆమె ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. అడిగితే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను, అంటే తప్పులో కొంత ఆమె నెత్తిన కూడా పెట్టాలని చూస్తున్నానన్నమాట. మనసు ఎంత నీచమైనదో చూడండి.

డబ్బు అందాక ఆమె పాలకొల్లులో చిన్న డాబా కొంది. చెల్లెల్ని అందులో ఉంచింది. గేటు మీద తన పేరు రాయించి, ఫోన్లో ఫోటో తెచ్చి మేడమ్‌కి చూపించింది. మేడమ్‌కి సరిగ్గా కనబడకపోతే, ఏ అక్షరం ఎక్కడుందో వేలుతో చూపించిందట. ఈ సంగతి మేడమే నాకు చెప్పారు.

నోటీసు

రెండేళ్ళు తిరక్కుండా మేడమ్ పక్షవాతంతో పోయారు. ఆస్తి లెక్కలు మా ఆఫీసే చేసింది. వీలునామా ప్రకారం బాధ్యత పీటర్‌ది, కానీ నేను ముందు పెట్టిన చోటల్లా అతను చదవకుండా సంతకం పెట్టేవాడు. కానుకలు రెండూ రాశాను. తారీఖులు రాశాను. రాస్తున్నప్పుడే ఆ వరస కంటబడింది. మినహాయింపు మొత్తం పీటర్ ఇంటికి పోయింది. సత్యవతి పుచ్చుకున్నదాని మీద నలభై శాతం పడింది, కట్టాల్సిందిగా ఆమె పేరునే నోటీసు వచ్చింది.

నబీల్ సార్‌కి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఆమె మన క్లయింటు కాదు. ఖలాస్" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను బతికిపోయాననుకున్నాను.

సత్యవతి అప్పటికి హమద్ టౌన్‌లో ఒక బహ్రెయినీ ఇంట్లో పనికి కుదిరింది. కబురు చేస్తే వచ్చింది. నోటీసు చదివి చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు.

"పన్నేటండీ? మేడంగారు నాకు ఇట్టంగా ఇచ్చేరు కదండీ."

"ఇష్టంగా ఇచ్చినా పన్ను పడుతుంది సత్యవతీ. ఏడేళ్ళు బతకలేదు కదా ఆవిడ. మినహాయింపు ముందు ఇచ్చినదానికే సరిపోయింది. తరవాత ఇచ్చినదానికి పడింది."

"నాది తరవాతా అండి?"

"అవును."

"ఆరోజు నేనే ముందొచ్చేనండి. పీటర్‌బాబుగారు నా ఎనకాల కదండీ వచ్చింది" అంది. దెప్పిపొడుపు కాదు. ఏదో లెక్క తప్పింది, సరిచేస్తే సరిపోతుందనుకుని గుర్తు చేస్తున్న మనిషి గొంతు అది.

"ఎవరు ముందొచ్చారన్నది కాదు లెక్క. సంతకం ఏ రోజు అయిందన్నది లెక్క. రూలు అలా ఉంది" అన్నాను. ఆ వాక్యంలో ఒక్క అబద్ధమూ లేదు. నా బతుకులో అంతకంటే సిగ్గుమాలిన మాట ఇంకోటి అనలేదు.

"పోనీ బాబుగారండి, పీటర్‌బాబుగారిని ఒక్క మాట అడిగి సూడండి. ఆరు మంచోరే."

"చూద్దాంలే. అలా అడక్కూడదు ఊరికే. చూద్దాం."

అడగలేదు. ఒకసారి మెయిలు రాసి చెరిపేశాను. ఇంకోసారి ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. పనిమనిషి కోసం క్లయింటుని డబ్బడిగితే ఏమనుకుంటాడో అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా భయం అది కాదు. "మరి ఆమెది ముందెందుకు చేయించలేదు?" అని అతను అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి నెలలు గడిపాను.

ఈలోగా ఆమె రెండుసార్లు ఫోన్ చేసి, "ఏమన్నారండి?" అని అడిగింది. రెండోసారి నేను చిరాకు పడ్డాను. ఆలస్యమైతే వడ్డీ పడుతుందని కూడా అన్నాను. ఆ తరవాత ఇంక చెయ్యలేదు.

మూడోసారి ఫోన్ కాదు, మనిషే వచ్చింది. "డాబా అమ్మేసేనండి. అప్పు సేత్తే తీర్చలేనండి, నాకు భయం. ఇదిగో, కట్టేయండి" అంది. తొందర అమ్మకం కాబట్టి రేటు తగ్గించి అడిగారట. చెల్లెలు అద్దె గదిలోకి మారిందట. నేను రసీదు ఇచ్చి పంపించాను. ఆమె వెళ్ళాక బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను, మళ్ళీ వచ్చి ఇంకో పని మొదలుపెట్టాను.

అట్టపెట్టెల మధ్య

ఆ ఏడాదే చలికాలంలో పీటర్ అరాద్ ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. తాళంచెవుల కోసం నేనూ వెళ్ళాను. హాలు నిండా అట్టపెట్టెలు. అతను మేడమ్ కుట్టుమిషన్ ఒక పక్కన పెట్టాడు.

"ఇది సత్యకి. ఎక్కడుంది? ఊళ్ళో ఇల్లు కొనుక్కుందన్నావు, వెళ్ళిపోయిందా?"

"హమద్ టౌన్‌లో పనిచేస్తోంది. ఆ ఇల్లు అమ్మేసింది."

"ఎందుకు?"

చెప్పాల్సి వచ్చింది. పన్ను పడిందన్నాను. అతను మొదట నమ్మలేదు. "నాకు అంత పెద్ద ఇల్లు వస్తే ఒక్క పౌండు పడలేదన్నావు. ఆమెకి పడిందా?" అన్నాడు. మొదటి బంతి, రెండో బంతి సంగతి ఇంగ్లీషులో వివరించాను. విమానమొకటి ఇంటి మీదుగా దిగింది. అది వెళ్ళాక అతను ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

"మూర్తీ, మా అత్తకి ఆఖరి రెండేళ్ళు అన్నం పెట్టింది ఆమె. నేను సెలవుకొచ్చి పలకరించి పోయినవాణ్ణి. నన్ను అడిగి ఉంటే ఆ రోజే కట్టేవాణ్ణి. నన్నెందుకు అడగలేదు?"

నేను నేల చూశాను. ఆ గదిలో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నెలల తరబడి ఎవరికి భయపడ్డానో ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని, ఒక్క మాట అడిగితే సరిపోయేదంటున్నాడు. సత్యవతి అన్నది నిజం, ఆరు మంచోరే. ఆ సంగతి ఆమెకి తెలుసు. నేను ఆమె మాట నమ్మలేదంతే.

పీటర్ ఆ వారంలోనే పన్ను డబ్బు మొత్తం పంపాడు. అది ఇవ్వడానికి నేను హమద్ టౌన్ వెళ్ళాను. ఆమె పనిచేసే ఇంటి గేటు దగ్గర, వీధిలో నిలబడి, జరిగిందంతా చెప్పాను. "ఆ రోజు ముందొచ్చింది నువ్వే. నీది ముందు చేసుంటే నీకు పన్ను పడేదే కాదు. పీటర్‌ని కూడా నేను అడగలేదు. తప్పంతా నాది" అన్నాను.

ఆమె డబ్బు సంగతి కంటే ముందు నా వంక చూసింది. "పోన్లెండి బాబుగారండి. మీరు కావాలని సేసేరేంటి" అంది.

కావాలని చేయలేదు, నిజమే. కావాలని చేసుంటే కనీసం ఆమె నా ఆలోచనలో ఉన్నట్టయ్యేది. ఆ పొద్దున్న ఆమె పేరు నా బుర్రలోకే రాలేదు. కోపంతోనో, లాభం కోసమో చేసిన తప్పుకి ఒక మొహం ఉంటుంది, చూసి తిట్టుకోవచ్చు. దీనికి అది కూడా లేదు.

డబ్బు తిరిగొచ్చింది కానీ డాబా రాలేదు. కొన్నవాళ్ళు తిరిగి అమ్మేది లేదన్నారు. ఆ వీధిలో ఇప్పుడు ఆ రేటుకి ఖాళీ స్థలం కూడా రాదట. సత్యవతి ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఈ మధ్య

మీకు చెప్పదలచుకున్నది చెప్పేశాను. మీ ముందుకి ఇద్దరు వస్తే, ఎవరు తట్టుకోలేరో వాళ్ళ లెక్క ముందు చూడండి. ఎవరు ఫీజు ఇస్తున్నారన్నది తరవాత. అడగాల్సిన మాట ఉంటే అడిగేయండి. ఎదుటివాళ్ళు కాదంటే సిగ్గు వాళ్ళది. అడక్కపోతే మీది.

ఇది రాస్తుండగా పోయిన శుక్రవారం సత్యవతి మా ఈసా టౌన్ ఫ్లాటుకి వచ్చింది. ఆమె మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మా ఆవిడ బజారుకెళ్ళింది, ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

"రండి సత్యవతిగారూ, కూర్చోండి" అన్నాను. ఆమె కంగారు పడి, తలుపు దగ్గరున్న పీట మీద కూర్చోబోయింది. సోఫాలో కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"నాది ఒక కాగితం రాసి పెట్టాలండి. నేను ఇక్కడే పోతే బ్యాంకులో డబ్బు ఆగిపోద్దంట కదండీ. మా సెల్లికి సేరేలాగ రాయండి. వయసైపోతంది, ఎప్పుడెలాగుంటాదో."

నబీల్ సార్ నేర్పిన "ముందు ముందు" నాకు అక్కర్లేకపోయింది. ఆ మాట ఆమే అనేసింది. ఆమెకి ఇంకొకరి దగ్గరకి వెళ్ళాలనిపించలేదు, ఇంత జరిగాక కూడా నా దగ్గరికే వచ్చింది. కాగితం, కలం తెచ్చుకుందామని లేచాను.

నేను లేవడం చూసి ఆమె ఏమనుకుందో, చేతులు రెండూ అడ్డంగా ఊపింది.

"మీ పనులన్నీ సూసుకోండి బాబుగారండి. అందరియ్యీ అయ్యాక నాది సూద్దురు గాని. నాకేం తొందర్లేదు, ఇక్కడే కూకుంటాను."

ఆ పూట నాకు వేరే పని ఏదీ లేదు.